ఎడమ పక్క కుర్చీ

కిందటి గురువారం క్లబ్బు మెట్ల మీద నిలబడి దోన్ అనీబల్ తెచెరాకు నేనొక నిజం చెప్పాను. "ఈ బల్ల దగ్గర మీకు స్నేహితులెవరూ లేరు. మీరు కూర్చుంటే కూర్చుంటారు, మీరు లేస్తే లేస్తారు. మీరు వాళ్లకు సాటి ఆటగాడు కాదు, మేత," అన్నాను. గొంతు తగ్గించి చెప్పలేదు కనుక అందరూ విన్నారు. ఆయన తన మాతే తేనీటి ఫ్లాస్కును చంకలో ఇరికించుకుని యాగ్వారోన్ వీధిలోకి దిగి వెళ్లిపోయాడు. సోమవారం ఆయన వచ్చే రోజు. రాలేదు. మంగళవారం ఉదయం నా తలుపు కింది నుంచి ఒక కవరు లోపలికి జారింది. పేకాట గది కార్యవర్గం ముందు గురువారం మధ్యాహ్నం మూడు గంటలకు హాజరై నా ప్రవర్తనకు సంజాయిషీ ఇవ్వాలట. అది తృప్తికరంగా లేకపోతే పోకర్ బల్ల దగ్గర నా కుర్చీ రద్దవుతుందట.

ఆ ఉత్తరంలో మూడు తప్పులున్నాయి. ఎర్ర సిరాతో దిద్ది వెంట తీసుకువెళ్లాను.

ఆ కుర్చీ నాకెవరూ దయతలచి ఇచ్చింది కాదు. మా మోంతెవిదేవో నగరంలో ఆడవాళ్లు న్యాయమూర్తులయ్యారు, శస్త్రచికిత్సలు చేశారు, రాజకీయాలు చేసి జైళ్లకు వెళ్లారు. మా క్లబ్బులో పేకాట గది గడప దాటడానికి మాత్రం 1987 దాకా ఆగవలసి వచ్చింది. పద్నాలుగు నెలలపాటు అర్జీలు పెట్టాను. చరిత్ర పాఠాలు చెప్పుకుని బతికిన మనిషికి అర్జీ ఎలా రాయాలో తెలుసు, ఎన్నిసార్లు రాయాలో ఇంకా బాగా తెలుసు. చివరికి తలుపు తెరిచారు. తెరిచి, ఆ తలుపు పక్కనే, వీధి గాలి నేరుగా వీపుకు కొట్టే చోట నాకు కుర్చీ వేశారు. ఇరవై రెండేళ్లుగా ఆ బల్ల దగ్గర కూర్చునే ఆడమనిషిని నేనొక్కదాన్నే. ఈసారి నేను లేచి వస్తే ఇంకొక స్త్రీ అక్కడ కూర్చోవడానికి పద్నాలుగు నెలలు చాలవు. కనుక వెళ్లాను.

మా చలికాలపు ఆగస్టు వాన ఉదయం నుంచి వదలకుండా పడుతోంది. వాన పడిన రోజున ఈ ఊళ్లో ప్రతి వంటింట్లోనూ పిండి కలుపుతారు. మా కాంటీన్ నడిపే ఇర్మా కూడా మినహాయింపు కాదు. నేను గొడుగు దులిపేసరికి తోర్తా రొట్టెలు నూనెలో పొంగుతున్నాయి.

"రెండు పెట్టనా దోన్యా నేలిదా? ఇప్పుడే తీశాను."

"తీర్పు అయ్యాక తింటాను ఇర్మా."

"అప్పటికి చల్లారి చెప్పుల్లా అయిపోతాయండీ. తిని వెళ్లండి. ఖాళీ కడుపుతో పోట్లాడితే నోరు జారుతుంది."

ఒకటి తిన్నాను. నా నోరు జారడానికి ఆకలి అక్కర్లేదని ఇర్మాకూ తెలుసు.

గదిలో పచ్చటి గుడ్డ పరిచిన బల్ల, ఏడు కుర్చీలు, గోడకు నల్లబల్ల. ఆ నల్లబల్ల మీదే ఆట కోసం ఎదురుచూసేవాళ్లు వరుసగా పేర్లు రాసుకుంటారు. తలుపు పక్క మూలలో హీటరు మండుతోంది. కార్యవర్గమంటే ముగ్గురు: అధ్యక్షుడు నోటరీ హెరాల్దో ఉర్రుతి, ఆయనకు అటొక దంతవైద్యుడు, ఇటొక మందుల దుకాణం యజమాని. ఎదురుగా కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నవాడు ఫిర్యాదుదారు విల్మార్ గోదోయ్. టైర్ల వ్యాపారి, ముప్ఫై ఆరేళ్లవాడు. పద్నాలుగేళ్ల వయసులో వాడు నా తరగతిలో రెండేళ్లు కూర్చున్నాడు. ఒక ఏడాదికి సరిపడే పాఠమే అది.

నోటరీ కాగితం ఎత్తాడు. ఆయన పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పినా ఆస్తి దస్తావేజు చదివినట్టే ఉంటుంది.

"సభ్యురాలు నేలిదా అర్రోస్పిదే, విశ్రాంత ఉపాధ్యాయిని, వయసు అరవై ఎనిమిది..."

"అరవై ఏడు."

"...అరవై ఏడు, కిందటి గురువారం, సాటి సభ్యుడు శ్రీ తెచెరాతో, ఆయన ఆట బలహీనమైనదనీ, తక్కినవారు ఆయన కోసమే వస్తున్నారనీ బహిరంగంగా పలికి, తద్వారా ఆయనను బల్లకు దూరం చేసి..."

"అంత తిప్పడమెందుకు సర్," అన్నాడు విల్మార్. "చేపని తరిమేసింది. అంతే కదా!"

బలహీనమైన ఆటగాణ్ణి మా బల్లల దగ్గర చేప అంటారు, ఆయన లేనప్పుడు. ఉన్నప్పుడు దోన్ అనీబల్ అంటారు, కుర్చీ లాగి వేస్తారు, పెళ్లాం పోయిన దుఃఖం గురించి అడుగుతారు, ఆయన చేసిన ప్రతి తప్పుకూ "దురదృష్టం, దోన్ అనీబల్, వట్టి దురదృష్టం" అంటారు. ఆయనకు ఆట తప్పు అని చెప్పకూడదు. చెబితే నేర్చుకుంటాడు, లేదా వెళ్లిపోతాడు. ఎక్కడా రాసి లేని ఈ నియమాన్ని అందరూ పాటిస్తారు. నేను కూడా మూడేళ్లు పాటించాను. కిందటి గురువారం తెంచాను.

"మాట సరిచూసుకో విల్మార్. ఆయన నీ తండ్రి వయసువాడు."

"మా నాన్న ఇంత బాగా ఓడిపోడు టీచరమ్మా."

దంతవైద్యుడు నవ్వు ఆపుకోవడానికి దగ్గాడు.

"నా మీది ఆరోపణ నిజం," అన్నాను. "ఆ మాటలు అన్నాను. ఇప్పుడు ఎందుకన్నానో కూడా రాసుకోండి. ఈ క్లబ్బులో రాతపూర్వకంగా ఉన్న నియమం ఒకటుంది. పన్నెండోది. బల్ల దగ్గర నుంచి ఎవరైనా లేచి వెళితే, తక్కినవారు పూర్తిగా ఒక చుట్టు ఆడాకే లేవాలి. ముక్కలు పంచే వంతు ప్రతి ఒక్కరికీ ఒకసారి రావాలి. దాన్ని వీడ్కోలు చుట్టు అన్నారు మనకు ముందువాళ్లు. ఎందుకు పెట్టారో తెలుసా విల్మార్?"

"పరీక్ష ఉంటుందని చెప్పలేదే."

"వెళ్లిన మనిషి వీపు వెనక కుర్చీలు ఖాళీ అయితే, తను దేనికోసం పిలవబడ్డాడో ఆ మనిషికి తెలిసిపోతుందని. అంత మాత్రం సిగ్గు వాళ్లకుండేది. కిందటి గురువారం దోన్ అనీబల్ చేయి ఇంకా కోటు చేతిలోకి దూరలేదు, నువ్వు లేచావు. 'ఇవాళ్టికి పని అయిపోయింది' అన్నావు. ఆయన గుమ్మంలోనే ఉన్నాడు."

"జోక్ వేశాను."

"జోక్ అయితే ఆయన నవ్వాలి."

నోటరీ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "శ్రీ గోదోయ్ ప్రవర్తన నేటి విచారణాంశం కాదు దోన్యా నేలిదా."

"అయితే చేయండి. ఇర్మా దగ్గర పుస్తకం ఉంది. ప్రతి రోజూ నల్లబల్ల మీది పేర్లను, ఏ వరుసలో రాశారో ఆ వరుసలో, ఎవరు ఏ కుర్చీలో కూర్చున్నారో, ఎప్పుడు లేచారో దానితో సహా ఎక్కిస్తుంది. వంతుల గురించి కొట్టుకున్నప్పుడు మీరే పెట్టించారు ఆ పద్ధతి. తెప్పించండి. దోన్ అనీబల్ పేరు పడకముందు విల్మార్ పేరు ఎన్నిసార్లు పడిందో చదవండి. ఆయన వచ్చాడని చూశాకే వీడు పేరు రాస్తాడు."

ఇర్మా తలుపు దగ్గరే ఉంది. చేతులు ఏప్రనుకు తుడుచుకుంటూ నావైపు అదోలా చూసింది.

"ఇప్పుడు ఆ పుస్తకం ఎందుకండీ, వదిలేయండి."

"తీసుకురా ఇర్మా."

"దోన్యా నేలిదా, నా మాట వినండి. వద్దు."

"తీసుకురమ్మన్నాను."

ఆమె నన్ను కాపాడాలని చూస్తోందని నాకు ఆ క్షణంలో తట్టలేదు. నలభై ఏళ్లు ఇతరుల జవాబు పత్రాలు దిద్దినవాళ్లకు ఈ జబ్బు ఉంటుంది. తమ పేరుతో కూడా ఒక పత్రం ఉంటుందని వాళ్లకు తట్టదు.

నోటరీ పేజీలు తిప్పాడు. మార్చి నుంచి మొదలుపెట్టాడు. తిప్పుతూ పెన్సిలుతో చిన్న గీతలు గీసుకున్నాడు. ఒకచోట ఆగాడు, వెనక్కి తిప్పాడు, మళ్లీ లెక్క చూసుకున్నాడు.

"శ్రీ తెచెరా ఈ ఏడాది నలభై నాలుగు రోజులు ఆడారు," అన్నాడు. "శ్రీ గోదోయ్ పేరు ఆయన పేరు తర్వాతే పడిన రోజులు, ఇరవై తొమ్మిది."

"విన్నారా!" అన్నాను.

"దోన్యా నేలిదా అర్రోస్పిదే పేరు ఆయన పేరు తర్వాతే, వెంటనే కింద, పడిన రోజులు, నలభై ఒకటి."

విల్మార్ కుర్చీ ముందు కాళ్లు నేలకు తగిలాయి.

"ఇంకా ఉంది," అన్నాడు నోటరీ. ఆయన గొంతులో ఏ ఆనందమూ లేదు. "ఆ నలభై ఒక్క రోజుల్లో ముప్ఫై ఎనిమిది రోజులు ఆవిడ, తన తలుపు పక్క కుర్చీ వదిలి, కూర్చున్నది శ్రీ తెచెరాకు ఎడమ పక్క కుర్చీలో."

పోకర్‌లో వంతు ఎడమవైపుగా తిరుగుతుంది. బలహీనుడికి ఎడమ పక్కన కూర్చున్నవాళ్లకు, ఆయన ఏం చేశాడో చూశాకే తాము నోరు విప్పే వీలుంటుంది. ఆయన ఎప్పుడూ ముందు మాట్లాడాలి. వాళ్లెప్పుడూ తర్వాత. వేటకు వచ్చిన ప్రతివాడూ ఆ కుర్చీ కోసమే చూస్తాడు. అక్కడున్న వారెవ్వరికీ దీన్ని విప్పి చెప్పవలసిన అవసరం లేదు.

"అమ్మమ్మమ్మ!" అన్నాడు విల్మార్, చప్పట్లు కొట్టడం ఒక్కటే తక్కువ. "నేను చిల్లర దొంగని టీచరమ్మా. మీరు హోల్‌సేలు."

నా ముఖం ఎలా ఉందో నాకు తెలియదు. వేడిగా మాత్రం ఉంది. తల దించుకోవడానికి అదే అనువైన సమయమని నలుగురూ అనుకుంటున్నారని కూడా తెలుసు. నేను కుర్చీలో నిటారుగా సర్దుకున్నాను.

"పుస్తకం నిజం చెబుతోంది," అన్నాను. "నేను ఆయన కోసమే వచ్చాను. మూడేళ్లుగా. దాచడానికి ఏమీ లేదు. ఎదుటివాడు తనకన్నా తక్కువ ఆడతాడని తెలిసే ప్రతివాడూ ఇక్కడ కూర్చుంటాడు. సమానులతో మాత్రమే ఆడతాననేవాడు అబద్ధమైనా చెబుతున్నాడు, ఆట రానివాడైనా అయివుంటాడు. నోటరీ గారూ, మీరు ఫార్మసీ గారి ఎడమ పక్కకు కుర్చీ మారింది వెలుతురు కోసమేనా?"

మందుల దుకాణం యజమాని మెల్లగా తల తిప్పి నోటరీ వైపు చూశాడు. ఆ విషయం ఆయనకు అప్పుడే తెలిసింది.

"బలహీనుణ్ణి వెతుక్కోవడంలో తప్పు లేదు," అన్నాను. "ఎలా వెతుక్కుంటావు, ఆ తర్వాత ఏం చేస్తావు అన్నదే మర్యాద. ఆయన తప్పు ఆడినప్పుడు నేను నవ్వలేదు. దురదృష్టమని దొంగ ఓదార్పూ చెప్పలేదు. ఆయన కన్నా గట్టివాడు వచ్చినప్పుడు కుర్చీ మీద ఫ్లాస్కు పెట్టి, ఖాళీ లేదని బొంకలేదు. మీరంతా లేచిపోయిన కిందటి గురువారం తప్ప, ఆయన లేచాక ఒక్కరోజు, ఒక్కటంటే ఒక్కరోజు, వీడ్కోలు చుట్టు ఆడకుండా లేవలేదు. ఈ విల్మార్‌తో, మీ ముగ్గురితో ఆడి, ఆయన దగ్గర గెలిచినదాన్ని చాలాసార్లు మీకే పోగొట్టుకుని ఇంటికి వెళ్లాను. అదీ పుస్తకంలో ఉంటుంది. ఎవరు ఎప్పుడు లేచారో చదవండి."

ఒక్క విషయం మాత్రం వాళ్లకు చెప్పలేదు. చేతిలో ఏమీ లేకుండా పందెం పెంచినప్పుడు అనీబల్ చెవుల అంచులు ఎర్రబడతాయి. కుడి చెవి ముందు, ఎడమ చెవి తర్వాత. మొదటి నెలలోనే కనిపెట్టాను. మూడేళ్లుగా నేను ఆయన ముక్కలను చదవలేదు. చెవులను చదివాను.

"అయితే మీకూ శ్రీ గోదోయ్‌కూ తేడా ఏమిటి దోన్యా నేలిదా?" అని అడిగాడు నోటరీ. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టున్నాడు.

"ఒక చుట్టు."

"అంతేనా?"

"అంతే. ఈ గదిలో మనుషులకూ తోడేళ్లకూ ఉన్న తేడా అంతే. అందుకే దాన్ని వదలనివ్వను."

విల్మార్ బల్ల మీదికి వంగాడు. ఈసారి గొంతులో వెటకారం లేదు, కోపం ఉంది. "అంటే మనిషిని నమిలి మింగేసి, చేతి రుమాలుతో మూతి తుడుచుకుంటే మర్యాద. నేను తుడుచుకోను కాబట్టి మోటువాణ్ణి. ఆ ముసలాయనకి ఏం తేడా టీచరమ్మా? కడుపులోకి పోయినవాడికి రుమాలు కనపడుతుందా?"

మంచి ప్రశ్న. పద్నాలుగేళ్లప్పుడు వాడు ఇలాంటిది ఒక్కటి అడిగి ఉంటే రెండో ఏడాది కూర్చోవలసిన పని ఉండేది కాదు. జవాబు నా దగ్గర సిద్ధంగా లేదు. లేదని ఒప్పుకునే ఉద్దేశమూ లేదు.

"అది ఆయన అడగాలి, నువ్వు కాదు," అన్నాను.

"ఆయన్ని మీరు తరిమేశారుగా, ఎలా అడుగుతాడు?"

నోటరీ కాగితం బోర్లా పెట్టాడు. "చాలు. ఓటింగు. కుర్చీ రద్దుకు అనుకూలంగా ఉన్నవారు చేయెత్తండి." తన చేయి తానే ముందెత్తాడు. ఫార్మసీ గురించి నేనన్న మాట ఆ చేతిని ఇంకొంచెం పైకి లేపిందనుకుంటాను. దంతవైద్యుడు నా వైపు చూడకుండా చేయెత్తాడు. మందుల దుకాణం యజమాని చేయి బల్ల మీద నుంచి ఇంకా లేవలేదు.

నేను నా కుర్చీ చేతులను పట్టుకున్నాను. "నేను లేవను. ఓటు మీరు వేసుకోండి. మోసుకెళ్లడానికి ఎంతమందిని పిలుస్తారో అది కూడా ఇప్పుడే రాసుకోండి," అన్నాను.

అప్పుడు తలుపు తెరుచుకుంది. వీధి గాలి నా వీపుకు కొట్టింది.

దోన్ అనీబల్ తెచెరా. వాన కోటు నుంచి నీళ్లు కారుతున్నాయి. చంకలో ఫ్లాస్కు. తలకు ముదురు నీలం ఉన్ని టోపీ, కనుబొమల దాకా లాగి ఉంది. ఈ గదిలో మగవాళ్లు టోపీ తీయడం ఆనవాయితీ. ఆయన తీయలేదు. నోటరీ చూశాడు, ఏమీ అనలేదు. తిరిగి వచ్చిన చేపను టోపీ గురించి ఎవరు అడుగుతారు?

విల్మార్ అప్పటికే లేచి కుర్చీ లాగాడు. "రండి రండి దోన్ అనీబల్! ఎక్కడికి పోయారు, ఇల్లు చిన్నబోయింది మీరు లేక. ఇర్మా, ఆయనకో వేడి తోర్తా!"

"దేనికి చేతులెత్తారు?" అని అడిగాడు ఆయన. తకువారెంబో గ్రామాల యాస, నింపాదైన మాట. నలభై ఏళ్లు పశువుల వైద్యం చేసి, భార్య పోయాక మోంతెవిదేవోకు మారిన మనిషి.

నోటరీ చెప్పాడు. అన్నీ చెప్పాడు. పుస్తకం సంగతి, నలభై ఒకటి, ముప్ఫై ఎనిమిది. ఆయన నిలబడే విన్నాడు.

"నాకు తెలుసు," అన్నాడు.

"ఏది?" అన్నాడు విల్మార్.

"అన్నీ. సంతలో ఆవు చుట్టూ కొనేవాళ్లు ఎలా తిరుగుతారో జీవితమంతా చూసినవాణ్ణి నాయనా. పళ్లు చూస్తారు, వీపు నిమురుతారు, 'ఎంత ముద్దుగా ఉందో' అంటారు. ఇక్కడికొచ్చిన రెండో వారానికే అర్థమైంది, ఈ గదిలో ఆవుని నేనేనని."

విల్మార్ తను లాగిన కుర్చీని వదిలేశాడు.

"మరెందుకు వచ్చారు?" అని నేనే అడిగాను.

"మా ఊళ్లో పొద్దున్నే గేటు తీస్తే పదిమంది పలకరించేవాళ్లు. ఇక్కడ నన్ను లిఫ్టు పలకరిస్తుంది, ఏ అంతస్తు అని. టిక్కెట్టు కొనుక్కుని సినిమాకి పోయినట్టు ఇక్కడికొచ్చాను. టిక్కెట్టు కొంచెం ఖరీదు." ఆయన నా వైపు తిరిగాడు. "కానీ రోజూ మెట్ల మీద ఆగేవాణ్ణి టీచరమ్మా. కోటు గుండీలు నెమ్మదిగా పెట్టుకుంటూ వినేవాణ్ణి. కొన్ని రోజులు తలుపు పడగానే కుర్చీలు లాగిన చప్పుడు. ఆ రోజులు బస్సెక్కి పోయేవాణ్ణి. కొన్ని రోజులు ముక్కలు కలిపిన చప్పుడు. ఆ రోజున వానైనా సరే ఇంటిదాకా నడిచేవాణ్ణి. నేను లేకపోయినా ఆట ఆడుతున్నారంటే, నేనున్నప్పుడు ఆడింది కూడా ఆటేనన్నమాట. అలా అనుకునేవాణ్ణి. ఆ రోజులన్నీ మీరున్న రోజులే."

నేను విల్మార్ వైపు చూశాను. వాడి ప్రశ్నకు జవాబు దొరికింది. రుమాలు కనపడుతుంది. ఆ చూపులో ఎంత గర్వం ఉందో దాచుకోలేదు. దాచుకోవలసింది.

"అందుకే మిమ్మల్ని క్షమించలేకపోతున్నాను," అన్నాడు అనీబల్.

"నన్నా?"

"వీళ్లు నన్ను తిన్నారు, సరే. ఆవుని ఎవరైనా తింటారు. మీరు మాత్రం, నాకు తెలియదనుకున్నారు. మూడేళ్లు పక్కన కూర్చుని, ఈ మనిషికి బుర్ర లేదని తీర్మానించుకుని, చివరికి జాలిపడి అందరి ముందూ మెట్ల మీద పాఠం చెప్పారు. నేను నడిచి వెళ్లే రోజులు కూడా లాగేసుకున్నారు. ఇక ఏ చప్పుడు వింటూ వెళ్లను?"

ఆ మాటకు నా దగ్గర ఎర్ర సిరా లేదు.

నోటరీ కాగితం మళ్లీ ఎత్తాడు. "అయితే శ్రీ తెచెరా కూడా రద్దుకు అనుకూలమని భావించి..."

"కాదు," అన్నాడు ఆయన. "చేతులు దించండి. ఆరో నియమం ఏమిటి నోటరీ గారూ? నేనూ చదివాను ఆ నియమాల పుస్తకం, సినిమా లేని రోజుల్లో."

నోటరీకి చెప్పక తప్పలేదు. "చేతిలో ముక్కలున్న సభ్యుడి మీద ఏ తీర్మానమూ పెట్టరాదు."

"పంచండి మరి. ఒక్క చుట్టు. చుట్టు పూర్తయ్యేసరికి ఈవిడ ముందు ఒక్క బిళ్ల మిగిలినా ఓటు లేదు, కుర్చీ ఆవిడదే. నేను ఖాళీ చేస్తే ఆవిడే లేచి వెళ్తారు, మోసుకెళ్లే పని లేకుండా."

"నా కుర్చీని నేనే పందెం ఎందుకు కాయాలి?" అన్నాను.

"కాయకండి. అక్కడ రెండు చేతులు లేచే ఉన్నాయి. మూడోది ఆలోచిస్తోంది."

చూశాను. ఫార్మసీ ఆలోచిస్తున్న మాట నిజమే. కానీ నేను ఒప్పుకున్నది దానికి భయపడి కాదు. ఒక చుట్టే తేడా అని నేను చెప్పి పావుగంట కాలేదు. ఆ చుట్టు నన్ను వెతుక్కుంటూ వస్తే లేచి పారిపోవడానికి నేను విల్మార్‌ను కాను.

"పంచండి," అన్నాను.

బిళ్లలు అందరి ముందూ చేరాయి. విల్మార్ ముఖం వెలిగిపోయింది. అనీబల్ ఎప్పుడూ కూర్చునే కిటికీ పక్క కుర్చీకి ఎడమ పక్కన గబగబా చేరాడు. ఆ కుర్చీ ఈ రోజు నాకు దక్కదని ఎంత సంతోషమో! కానీ దోన్ అనీబల్ కిటికీ వైపు వెళ్లలేదు. బల్ల చుట్టూ తిరిగి వచ్చి, తలుపు గాలి కొట్టే నా కుర్చీ దగ్గర ఆగి, దానికి ఎడమ పక్కనున్న కుర్చీ మీద తన ఫ్లాస్కు పెట్టాడు.

"అది మీ చోటు కాదండీ," అన్నాడు విల్మార్. "అటు గాలి కొడుతుంది. ఇటు రండి."

"మూడేళ్లు ఈవిడ నాకు ఎడమ పక్కన కూర్చున్నారు. ఊరికే కూర్చున్నాననుకున్నావా నాయనా? ఫీజు కట్టి మరీ చదివాను." ఆయన కోటు విప్పి కుర్చీకి తగిలించాడు. టోపీ అలాగే ఉంచుకున్నాడు.

నోటరీ పంచాడు. నాకు రెండు రాణులు వచ్చాయి. ఒకటి ఇస్పేటు, ఒకటి ఆటీను. బల్ల దగ్గర ఏడాదికి కొన్నిసార్లే ఇలాంటి జత దొరుకుతుంది. మూడేళ్లుగా రెండు చేతులతో ముక్కలను ముఖం దాకా ఎత్తి చూసుకునే దోన్ అనీబల్, ఈ రోజు వాటిని బల్ల మీదే ఉంచి, బొటనవేలితో ఒక మూల మాత్రం ఎత్తి, వదిలేశాడు. నేను చూసుకునే పద్ధతి అది.

నేను ముందు మాట్లాడాలి. పందెం పెంచాను. ఆయన ఆలోచించలేదు. తన ముందున్న బిళ్లలన్నిటినీ రెండు అరచేతులతో నెమ్మదిగా మధ్యకు నెట్టాడు. సరితూగాలంటే నా ముందున్నవన్నీ నెట్టాలి. ముక్కలు పారేసి మిగిలిన బిళ్లలతో కుర్చీ కాపాడుకోవచ్చు, కానీ రాణుల జత చేతిలో పెట్టుకుని పారిపోవడం నా వల్ల కాదు. విల్మార్ తన ముక్కలు పారేశాడు. దంతవైద్యుడు, ఫార్మసీ, నోటరీ పారేశారు. చుట్టు మొదటి పంపకంలోనే అందరి కళ్లూ నా మీదికి వచ్చి ఆగాయి. ఆయన చేతిలో రాజుల జత ఉంటే నేను ఇంకో నిమిషంలో ఈ గది బయట ఉంటాను. ఏమీ లేకపోతే కుర్చీ నాది.

ఏమీ లేనప్పుడు ఆయన ఎలా ఉంటాడో ప్రపంచంలో నా ఒక్కదానికే తెలుసు. నెమ్మదిగా, తొందర లేకుండా, తల ఎడమకు తిప్పి ఆయన కుడి చెవి కోసం చూశాను.

ఉన్ని టోపీ కనిపించింది. చెవుల కిందికి, దవడ దాకా, జాగ్రత్తగా లాగి ఉంది.

"చలిగా ఉంది కదా టీచరమ్మా," అన్నాడు దోన్ అనీబల్.

ఆయన వీపుకు రెండడుగుల దూరంలో హీటరు ఎర్రగా మండుతోంది.